పందికి జలుబు అంటించిందెవరు? 2009 అల్బెర్టా ఫారం కేసు

ముందు నా గురించి ఒక్క మాట. నేను పశువైద్యుణ్ణి, చూసేది ఎక్కువగా పందుల ఫారాలు. పెళ్లి భోజనాల దగ్గర ఎవరైనా "మీరు దేని డాక్టరండీ?" అని అడుగుతారు. పందులకని చెప్పగానే చేతిలో ప్లేటుతో సహా అర అడుగు వెనక్కి జరుగుతారు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చాక ఆ అర అడుగు కాస్తా రెండడుగులైంది. నా దగ్గర్నుంచి పందుల జలుబు అంటుకుంటుందని వాళ్ల భయం. నా భయం ఇంకోటి. వాళ్ల జలుబు నాకు అంటుకుని, దాన్ని మర్నాడు పొద్దున్నే నేను ఫారంలోకి మోసుకెళ్తానేమోనని.

ఈ భయం ఊరికే పట్టుకోలేదు. కొన్నేళ్ల కింద ఒక డిసెంబరులో గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులతో ఉండి కూడా, రైతు రెండుసార్లు ఫోన్ చేశాడని పారాసిటమాల్ వేసుకుని ఫారానికి వెళ్లాను. అరవై తల్లిపందుల ఫారం. మాస్కు పెట్టుకోలేదు. ఈనిన పందిని చూసి, పిల్లల్ని చేతుల్లోకి తీసుకుని, రెండుమూడుసార్లు మోచేతిలోకి తుమ్మి, కాఫీ తాగి వచ్చేశాను. నాలుగో రోజు పొద్దున్న ఫోను. "సార్, నిన్న రాత్రి దాకా బాగానే ఉన్నాయండీ. ఇవాళ ఒక్కటీ లేవట్లేదు. దాణా వేస్తే తొట్టి దగ్గరికే రావట్లేదు." నాకు జ్వరం తగ్గి లేచి వెళ్లి ముక్కు స్వాబ్‌లు తీసేసరికి వాటికి రోగం మొదలై ఎనిమిది రోజులైంది, అప్పటికే సగానికి పైగా కోలుకున్నాయి. స్వాబ్‌లు నెగటివ్ వచ్చాయి. ఎనిమిదో రోజున నెగటివ్ వస్తే దానికి అర్థమేమీ లేదు. నేనే అంటించానని నిరూపించలేను, అంటించలేదనీ చెప్పలేను. రైతు నన్నేమీ అనలేదు. ఏమన్నా అనుంటే బాగుండేది.

కెనడాలోని అల్బెర్టా కేసు గురించి వెతికి వెతికి చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. మనిషి నుంచి పందికి ఫ్లూ వచ్చిందని లోకమంతా అనుమానించిన మొదటి పెద్ద కేసు అది. పందుల మీద పనిచేసేవాళ్లు, ముఖ్యంగా కొత్తగా ఫీల్డులోకి వచ్చిన మన పిల్ల డాక్టర్లు, దాన్ని కాస్త నిదానంగా చదవాలని నా కోరిక.

ఏం జరిగింది

2009 ఏప్రిల్. మెక్సికోలో కొత్త ఫ్లూ. అమెరికాలో కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లల్లో అదే వైరస్. టీవీలు పెడితే పందుల బొమ్మలే. వైరస్ జన్యువులు పందుల ఫ్లూ వైరస్‌ల నుంచి వచ్చినవే కాబట్టి పేరు స్వైన్ ఫ్లూ అయి కూర్చుంది, అయితే అప్పటికి ఈ కొత్త వైరస్ ఉన్న పందిని లోకంలో ఎక్కడా ఎవరూ పట్టుకోలేదు. ఏప్రిల్ 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పేరు మానేసి ఇన్‌ఫ్లుయెంజా ఎ (హెచ్1ఎన్1) అందాం అంది. సరిగ్గా రెండు రోజులకి, మే 2న, కెనడా ఆహార తనిఖీ సంస్థ ప్రకటించింది: అల్బెర్టా రాష్ట్రంలో ఒక పందుల ఫారంలో అదే వైరస్ దొరికింది.

అది ఈనడం నుంచి అమ్మకం దాకా అన్నీ ఒకేచోట జరిగే ఫారం. మొత్తం సుమారు 2,200 పందులు. ఏప్రిల్ నాలుగో వారంలో వాటిలో పదో వంతు దాకా తిండి మానేసి, జ్వరంతో, దగ్గుతో పడుకున్నాయి. దానికి పది రోజుల ముందు మెక్సికో నుంచి తిరిగొచ్చిన ఒక వడ్రంగి ఆ ఫారంలో పనిచేశాడని, అతనికి ఫ్లూ లక్షణాలున్నాయని తేలింది. ఇంకేం, కథ పూర్తయిపోయింది. మెక్సికో నుంచి మనిషి, మనిషి నుంచి పంది. పేపర్లన్నీ అదే రాశాయి. ఆ వడ్రంగి సంగతికి మళ్లీ వస్తాను, ఈ కేసులో నన్ను ఎక్కువ కుదిపింది అదే.

షెడ్డులో అది ఎలా ఉంటుంది

పుస్తకంలో రెండు లైన్లలో రాసేస్తారు, షెడ్డులోకి అడుగుపెడితే మాత్రం మర్చిపోలేరు. మామూలు రోజున పందుల షెడ్డు తలుపు తీస్తే చెవులు చిల్లులు పడే గోల, అన్నీ ఒక్కసారిగా లేచి కంచె మీదికి ముట్టెలు ఎత్తుతాయి. ఫ్లూ వచ్చిన రోజు తలుపు తీస్తే నిశ్శబ్దం. ఒకదాని మీద ఒకటి కుప్పగా పడుకుని ఉంటాయి. కాలితో తట్టి లేపితే లేచి నాలుగడుగులు వేస్తాయి, అంతే, ఒకటి దగ్గడం మొదలుపెడుతుంది, దాని వెంట ఇంకోటి, ఆ తర్వాత షెడ్డంతా. కుక్క మొరిగినట్టు పొడి దగ్గు. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి. ముక్కు నుంచి నీళ్లలాంటి చీమిడి, కళ్లు ఎర్రగా. జ్వరం చూస్తే 105, 106 ఫారెన్‌హీట్, ఒక్కోసారి ఇంకా పైన. పందికి మామూలుగా 102 చిల్లర ఉంటుందని గుర్తుపెట్టుకోండి, 102 చూసి కంగారుపడి ఇంజెక్షన్లు పొడిచేవాళ్లని చూశాను.

రెండు విషయాలు దీన్ని పట్టిస్తాయి. ఒకటి, వైరస్ సోకిన ఒకటి నుంచి మూడు రోజుల్లో ఒక్కసారిగా గుంపుకి గుంపు పడుతుంది. రెండు, ఐదారు రోజుల్లో అదే గుంపు ఏమీ జరగనట్టు లేచి తిరుగుతుంది. నూటికి ఒకటి కూడా చావకపోవచ్చు. చచ్చాయంటే ఇంకేదో తోడైనట్టే: మైకోప్లాస్మా, పాశ్చురెల్లా లాంటి బాక్టీరియా, పీఆర్ఆర్ఎస్ అనే మరో పందుల వైరస్, లేదా గాలి ఆడని షెడ్డు.

ఇక్కడ మన తెలుగు పేపర్లు చేసే ఒక ఘోరం చెప్పాలి. స్వైన్ ఫీవర్ వేరు, స్వైన్ ఫ్లూ వేరు. స్వైన్ ఫీవర్ అనేది పందులకి మాత్రమే వచ్చే మరో వైరస్ జబ్బు, మనుషులకి రాదు. చర్మం మీద ఎర్రటి, ఊదా రంగు మచ్చలు, వణుకు, విరేచనాలు, గుంపులు గుంపులుగా చావులు. 2020లో అస్సాం, అరుణాచల్‌లలో మొదలై దేశంలో తిరుగుతున్న ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఇంకో వైరస్, అదీ మనుషులకి అంటదు. ఎక్కడో పందులు చచ్చాయని వార్త రాగానే "స్వైన్ ఫ్లూ కలకలం" అని హెడ్డింగు పెట్టేస్తారు. పందులు అలా పెద్దఎత్తున చస్తున్నాయంటే ఫ్లూ తప్ప ఇంకేదైనా అయ్యుంటుందని ముందు అనుకోవాలి.

స్వాబ్ ఎప్పుడు, ఏ పందికి

అల్బెర్టాలో వాళ్లు చేసిన మంచి పనుల్లో మొదటిది, పందులు దగ్గుతుండగానే నమూనాలు తీయడం. అవి విన్నిపెగ్‌లోని జాతీయ ల్యాబ్‌కి వెళ్లాయి, వైరస్ జన్యువుని పట్టే పరీక్ష పీసీఆర్‌లో ఇన్‌ఫ్లుయెంజా ఎ అని తేలింది, జన్యు వరుస చదివితే మనుషుల్లో తిరుగుతున్న కొత్త హెచ్1ఎన్1తో సరిపోయింది.

పంది వైరస్ వదిలేది ఐదు నుంచి ఏడు రోజులు. నేను ఎనిమిదో రోజున వెళ్లి చేసిన తప్పు అదే. ఇంకో తప్పు మనవాళ్లు అందరూ చేస్తారు: షెడ్డులోకి వెళ్లి, బాగా చిక్కిపోయి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని మూల నిలబడిన పందిని పట్టుకుని స్వాబ్ తీస్తారు, అన్నిట్లోకీ అదే రోగిష్టిగా కనిపిస్తుంది కాబట్టి. దాని రోగం పాతది. కావాల్సింది ఇవాళే జ్వరం ఎక్కిన పంది, నిన్నటి దాకా బలంగా తిన్నది, ముక్కులోంచి ఇంకా చిక్కబడని నీళ్లు కారుతున్నది. పై దవడకి ఉచ్చు తాడు వేసి మెడ కాస్త ఎత్తితే అది అరిచే అరుపుకి పక్క ఊరు లేస్తుంది. పుల్లని ముక్కు మధ్య గోడ వారగా లోపలికి పోనిచ్చి తిప్పి తీయాలి, ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో (వైరస్ చెడకుండా ఉంచే ద్రవం) ముంచి విరిచి, మూత బిగించి, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబ్‌కి పంపాలి. మామూలు ఫ్రీజర్లో పెట్టి సోమవారం పంపుదాంలే అనుకుంటే సోమవారానికి వైరస్ మిగలదు.

పట్టుకోవడం కష్టమైతే తాడు పద్ధతి ఉంది. లావుపాటి నూలు తాడు ఒకటి, పంది భుజం ఎత్తున దొడ్డి కంచెకి వేలాడదీయండి. పందికి కొత్త వస్తువు కనిపిస్తే నోట్లో పెట్టుకోకుండా ఉండదు. ఇరవై ముప్పై నిమిషాల్లో దొడ్డిలో ఉన్నవన్నీ వంతులేసుకుని నమిలేస్తాయి. తాడు కొసని ప్లాస్టిక్ సంచిలో పెట్టి పిండితే గోధుమ రంగు నీళ్లు దిగుతాయి, దాణా, ఉమ్ము కలిసి. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కానీ పాతిక పందుల నోళ్లు ఒకే గొట్టంలో ఉన్నట్టు. అరుపుల్లేవు, ఉచ్చుల్లేవు, ముఖ్యంగా పంది నా మొహం మీద దగ్గే అవకాశం తక్కువ.

ఆ చివరి మాట ఊరికే అనలేదు. అల్బెర్టా ఫారంలో నమూనాలు తీయడానికి వెళ్లిన తనిఖీ సంస్థ సిబ్బందిలో ఇద్దరికి ఆ తర్వాత ఫ్లూ వచ్చింది. రక్షణ సామగ్రి విషయంలో పాటించాల్సిన పద్ధతి పూర్తిగా పాటించలేదని సంస్థే ఒప్పుకుంది. లోకమంతా పందుల ఫ్లూ అని గగ్గోలు పెడుతున్న వారంలో, ఆ ఫ్లూ కోసమే వెళ్లిన, శిక్షణ ఉన్న మనుషులు! నాకు దీంట్లో ఆశ్చర్యమేమీ లేదు. పందుల షెడ్డులో అమ్మోనియా ఘాటుకి కళ్లు మండుతుంటే, ముక్కు దగ్గర చెమట పట్టి మాస్కు జారుతుంటే, రెండు చేతులతో పందిని పట్టుకుని ఉంటే, మాస్కు సరిచేసుకోవాలని ఎవడికి గుర్తుంటుంది?

ఎందుకు నాలుగు వారాలు

ఒక్క పంది ఐదారు రోజుల్లో కోలుకుంటే మంద కూడా రెండు వారాల్లో తేలిపోవాలి కదా. అల్బెర్టా మందలో మాత్రం రోగ లక్షణాలు నాలుగు వారాల పాటు కనిపించాయి. దీనికి జవాబు ఫారం నడిచే తీరులో ఉంది.

పంది చూలు మూడు నెలల మూడు వారాల మూడు రోజులు. ఈనడం నుంచి అమ్మకం దాకా ఒకేచోట ఉండే ఫారంలో వారం వారం కొన్ని తల్లులు ఈనుతూనే ఉంటాయి. వారం వారం కొన్ని పిల్లలు పాలు మానేస్తాయి. తల్లి జున్నుపాలతో వచ్చిన రక్షణ ఉంటే అది కొన్ని వారాలకి కరిగిపోతుంది, ఈ వైరస్ కొత్తది కాబట్టి ఆ తల్లులకే రక్షణ లేదు, ఇక పిల్లలకి ఎక్కడిది. అంటే వైరస్‌కి ప్రతి వారం కొత్త మేత దొరుకుతుంది. పెద్ద పందులన్నీ కోలుకుని తిరుగుతుంటే మనం అయిపోయిందనుకుంటాం, అది నర్సరీలో నాలుగు వారాల పిల్లల ముక్కుల్లో నిశ్శబ్దంగా తిరుగుతూ ఉంటుంది. మా ఫారాల్లో "డాక్టరు గారూ, చలికాలం వస్తే పిల్లలు దగ్గుతాయండీ, అది మామూలే" అనే మాటని అందుకే నేను నమ్మడం మానేశాను.

ఇదే ఏర్పాటు రైతు మెడకి ఉరైంది. క్వారంటైన్ పెట్టారు, ఒక్క పంది బయటికి పోవడానికి లేదు. లోపల ఈనడం ఆగదు. ఆరు నెలల పంది నూటపది కిలోలు దాటుతుంది, దాని జాగాలోకి వెనకవి పెరిగి వస్తుంటాయి. వారంలోనే దొడ్లు కిక్కిరిసిపోయాయి. మే రెండో వారానికల్లా సుమారు 500 పందుల్ని చంపాల్సొచ్చింది, కారణం జాగా లేకపోవడం. వాటి మాంసం మార్కెట్‌కి పంపలేదు. అప్పటికే చైనా అల్బెర్టా పంది మాంసం దిగుమతిని ఆపేసింది. ఉడికించిన మాంసంతో ఫ్లూ రాదని అంతర్జాతీయ సంస్థలు చెప్తూనే ఉన్నాయి, ఎవరు వింటారు. కొన్నాళ్లకి మిగతా మందనూ చంపేశారు. అప్పటికి పందులు కోలుకున్నాయి. కోలుకున్న పందుల్ని కొనే నాథుడు లేడు.

ఆ పందుల్ని చంపింది వైరస్ కాదు, దాని పేరు. ఇలా ఒక్క కెనడాలోనే జరగలేదు. అదే ఏప్రిల్ చివర్లో ఈజిప్టులో, దేశంలో ఒక్క ఫ్లూ కేసు కూడా లేని రోజుల్లో, ఉన్న పందులన్నిటినీ చంపమన్నారు, సుమారు మూడు లక్షలు. కైరోలో ఇంటింటి చెత్త ఎత్తి, అందులో కుళ్లిన కూరలు, మిగిలిన అన్నం పందులకి వేసి బతికే జబ్బాలీన్ కుటుంబాల పందులవి. పందులు పోయాక తడి చెత్త ఎత్తడం వాళ్లకి గిట్టుబాటు కాలేదు, ఆ చెత్త కైరో వీధుల్లో కుప్పలు పడింది. ఫ్లూ మాత్రం జూన్‌లో విమానంలో వచ్చింది.

ఇప్పుడు వడ్రంగి సంగతి

మెక్సికో నుంచి వచ్చాడు, దగ్గాడు, ఫారంలో పనిచేశాడు, పది రోజులకి పందులు పడ్డాయి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది. అధికారులు తర్వాత అతని నమూనాలు పరీక్షించారు. అతనికి ఆ వైరస్ సోకిన ఆనవాలు దొరకలేదు. మనిషి నుంచే వచ్చి ఉంటుందన్న అనుమానం అలాగే ఉంది గానీ, ఏ మనిషి నుంచన్నది దర్యాప్తులో తేలలేదు. ఈలోపు ప్రపంచంలో పందులకి ఫ్లూ అంటించిన మొదటి మనిషిగా అతను పేపర్లకి ఎక్కేశాడు.

కేసు చదువుతూ ఇక్కడికొచ్చేసరికి నాకు మళ్లీ లెక్క వేయాలనిపించింది. పందుల్లో ఫ్లూకి ఒకటి నుంచి మూడు రోజులు చాలు. వడ్రంగి వచ్చింది ఏప్రిల్ మధ్యలో, పందులు పడింది 24 ప్రాంతంలో. పది రోజుల ఖాళీ. మధ్యలో ఎవరికీ కనబడకుండా రెండు మూడు దొడ్లలో తిరిగి ఉండొచ్చు, అది సాధ్యమే. లేదా ఆ పది రోజుల్లో ఇంకెవరో వచ్చి ఉండొచ్చు. దాణా లారీ డ్రైవరు, కరెంటు పనివాడు, ఇంట్లోవాళ్లు, చివరికి డాక్టరు. మెక్సికో అనే మాట వినబడగానే మిగతా అందరినీ అడగడం మానేస్తాం. డిటెక్టివ్ కథలో దొంగ ముందే తెలిసిపోయినట్టు. నేను కేసు షీట్ రాసేటప్పుడు ఇప్పుడు "వ్యాధి మూలం" అన్న గడిలో ఒక పేరు రాయను. గత రెండు వారాల్లో గేటు దాటిన ప్రతి మనిషినీ రాస్తాను, నాతో సహా.

అప్పటిదాకా తెలియనిదేమీ కాదు

1918లో స్పానిష్ ఫ్లూ మనుషుల్ని ఊడ్చేస్తున్నప్పుడు అమెరికాలో అయోవాలోని సీడర్ రాపిడ్స్‌లో పందుల ప్రదర్శన జరిగింది. అక్కడి పందులు దగ్గాయి, ఇళ్లకి తోలుకెళ్లాక చుట్టుపక్కల మందలన్నీ దగ్గాయి. జె.ఎస్. కోయెన్ అనే ప్రభుత్వ పశువైద్యుడు ఇళ్లలో మనుషులకీ దొడ్లో పందులకీ ఒకేసారి ఒకే రోగం రావడం చూసి, ఇది ఫ్లూనే అన్నాడు. పంది మాంసం రేటు పడిపోతుందని పందుల వ్యాపారులు అతని మీద మండిపడ్డారు. తొంభై ఏళ్ల తర్వాత అల్బెర్టాలో ఏం జరిగిందో చూస్తే వాళ్ల భయం అర్థమవుతుంది, అయినా కోయెన్ చెప్పిందే నిజం. రిచర్డ్ షోప్ పందుల నుంచి ఫ్లూ వైరస్‌ని వేరు చేసి 1931లో ప్రకటించాడు, మనుషుల ఫ్లూ వైరస్ దొరికింది 1933లో లండన్‌లో. అంటే మన ఫ్లూ వైరస్ మనకన్నా ముందు పందిలో దొరికింది.

పంది ఊపిరి గొట్టం గోడల మీద, పక్షుల ఫ్లూ వైరస్ పట్టుకునే కొక్కేలూ ఉంటాయి, మనుషుల ఫ్లూ వైరస్ పట్టుకునే కొక్కేలూ ఉంటాయి. ఫ్లూ జన్యువు ఎనిమిది ముక్కలు. రెండు రకాల వైరస్‌లు ఒకే కణంలో దిగితే, బయటికొచ్చే పిల్ల వైరస్ ఇటు మూడు ముక్కలు అటు ఐదు ముక్కలు పెట్టుకుని రావచ్చు, పేకముక్కలు కలిపి పంచినట్టు. 2009 వైరస్ సరిగ్గా అదే: ఆరు ముక్కలు ఉత్తర అమెరికా పందుల వైరస్‌వి, రెండు ముక్కలు యూరప్, ఆసియా పందుల్లో తిరిగేదానివి. ఆ ఆరింట్లో కూడా ఒకప్పటి పక్షి ముక్కలూ మనిషి ముక్కా ఉన్నాయి. తర్వాతి పరిశోధనల్లో అది మెక్సికో మధ్య ప్రాంతపు పందుల్లో తయారైందని తేలింది. కాబట్టి పందికి ఏ సంబంధమూ లేదని నేను అనట్లేదు. పంది నుంచి ఒకసారి మనిషికి దూకింది, ఆ తర్వాత మనుషులు దాన్ని ఊరూరా పందులకి పంచారు.

ఆ పంపకం ఎంత జరిగిందో చూడాలంటే నార్వే. 2009కి ముందు అక్కడి పందుల్లో ఫ్లూ లేదు, ఏటా పరీక్షలు చేసి మరీ లేదని తేల్చుకున్నారు. ఆ అక్టోబరులో మొదటి మంద దొరికింది. ఏడాది తిరిగేసరికి పరీక్షించిన మందల్లో దాదాపు 40 శాతంలో వైరస్ వచ్చిపోయిన గుర్తులు. బయటి నుంచి పందుల్ని తెచ్చుకున్నవాళ్లు కాదు. రైతుకో పనివాడికో ఫ్లూ లక్షణాలుంటే మందకి వచ్చే అవకాశం బాగా ఎక్కువని లెక్కల్లో కనబడింది. చాలా మందల్లో ఒక్క పంది కూడా దగ్గలేదు. అమెరికాలో అయితే 2009 నుంచి 2021 దాకా ఈ ఒక్క వైరస్సే మనుషుల నుంచి పందులకి దాదాపు 370 సార్లు దూకిందని వైరస్ జన్యువుల వంశవృక్షం గీసి లెక్క కట్టారు.

అటునుంచి ఇటు

దూకిన వైరస్ పందుల్లో ఉండిపోతే ఏమవుతుందన్నదానికి 2012 వేసవి చూడండి. అమెరికాలో ఇండియానా, ఒహాయో లాంటి రాష్ట్రాల్లో జిల్లా జాతరలుంటాయి, పల్లెటూరి పిల్లలు తాము పెంచిన పందుల్ని తెచ్చి కడిగి, దువ్వి, పోటీకి పెడతారు. ఆ వేసవిలో హెచ్3ఎన్2వి అనే పందుల ఫ్లూ 300 మందికి పైగా సోకింది, ఎక్కువమంది పిల్లలే, చాలావరకు జాతరలో పందుల దగ్గర గడిపినవాళ్లే. ఒకరు చనిపోయారు.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఆ వైరస్ పైతొడుగు 1990ల్లో మనుషుల నుంచి పందులకి వెళ్లిన హెచ్3ఎన్2ది. మనుషుల్లో ఆ వైరస్ మారిపోతూ పోయింది, పందుల్లో మాత్రం పాత రూపానికి దగ్గరగా మిగిలింది. పెద్దవాళ్లకి చిన్నప్పుడెప్పుడో ఆ జలుబు వచ్చి ఉంది, రక్షణ కొంత మిగిలింది. 2000 తర్వాత పుట్టిన పిల్లలకి అది బొత్తిగా కొత్తది. మనం అటక మీద పెట్టి మర్చిపోయిన సామానుని మన పిల్లల నెత్తిన పడేసినట్టు.

దగ్గే పందిని జాతరలోకి రానివ్వకపోతే చాలు కదా అంటారా? ఒహాయోలో 2009 నుంచి 2011 వరకు 53 జాతరల్లో పందుల ముక్కులు పరీక్షిస్తే 12 జాతరల్లో వైరస్ దొరికింది. ఆ పన్నెండింట్లో పదింట్లో పందులకి ఏ లక్షణమూ లేదు. అందుకే ఇప్పుడు అక్కడ పందుల్ని జాతరలో మూడు రోజులకి మించి ఉంచొద్దంటున్నారు. పందుల దొడ్డి దగ్గర తినడం, తాగడం వద్దంటున్నారు. ఒంట్లో బాగాలేని పిల్లలు అసలు అటు పోవద్దంటున్నారు.

మన దగ్గర

అల్బెర్టా వార్త వచ్చిన రెండు వారాలకి, మే 13న అమెరికా నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాద్‌లో దిగిన ప్రయాణికుడికి భారతదేశపు మొదటి కేసు నిర్ధారణ అయింది. విమానాశ్రయంలో థర్మల్ కెమెరాలు, మందుల షాపుల్లో మాస్కుల కరువు. మా వీధిలో తిరిగే పందుల్ని తరిమేయాలని జనం మున్సిపాలిటీ మీద పడ్డారు. ఆ పందులకి వైరస్ ఉందో లేదో ఎవరూ చూడలేదు, విమానం దిగినవాడు వాటి దగ్గరికి ఎందుకు వెళ్తాడని కూడా ఎవరూ అడగలేదు. 2015లో దేశంలో 42 వేల కేసులు, దాదాపు మూడు వేల చావులు. అప్పటికి అది పూర్తిగా మనుషుల ఫ్లూ అయిపోయింది, ఏటా వచ్చే సీజన్ ఫ్లూల్లో ఒకటి, అయినా పేరు మాత్రం పంది నెత్తినే ఉంది.

2019 లెక్కల ప్రకారం దేశంలో పందులు సుమారు 90 లక్షలు. మన రెండు రాష్ట్రాల్లో కొత్తగా వస్తున్నవి షెడ్డు ఫారాలు. చలికాలం పరదాలు దించేసి గాలి ఆడకుండా మూసేస్తారు. పందులు ఎక్కువ, గాలి తక్కువ, పనివాళ్లు ఇద్దరు ముగ్గురు, వాళ్ల ఇంట్లో బడికెళ్లే పిల్లలు. ఫ్లూకి ఇంతకంటే ఏం కావాలి.

చేతులు కడుక్కోవడం, బూట్లు మార్చడం, కాళ్ల తొట్టిలో మందు నీళ్లు, ఇవన్నీ ఫారాల్లో గోడల మీద రాసే ఉంటాయి. ఫ్లూ బూట్లతో కన్నా ఊపిరితో ఎక్కువగా వస్తుంది. పనివాళ్లందరికీ ఏటా సీజన్ ఫ్లూ టీకా వేయించమని నేను రైతులకి చెప్తాను, ఖర్చు చూసి నవ్వుతారు, ఇద్దరు ముగ్గురు వేయించారు. పరదాలు మధ్యాహ్నం పూటైనా ఎత్తమంటాను. కొత్తగా కొన్న పందుల్ని వేరే దొడ్లో మూడు నాలుగు వారాలు ఉంచమంటాను. జ్వరం వచ్చిన గుంపుని కదిలించకుండా, నీళ్లు పుష్కలంగా పెట్టి, నేల పొడిగా ఉంచి, చీమిడి చిక్కబడితేనే యాంటీబయాటిక్‌కి వెళ్లమంటాను. మొదటి రోజే బకెట్ నిండా మందు కలిపితే వైరస్‌కి ఏమీ కాదు, జేబుకి చిల్లు తప్ప.

అన్నిటికన్నా కష్టం గేటు దగ్గర అడగాల్సిన ప్రశ్న. "జలుబుందా?" అంటే ఎవడూ ఉందనడు. ఉందంటే ఇంటికి పొమ్మంటారు, ఆ రోజు కూలి పోతుంది. కూలి పోగొట్టుకుని నిజం చెప్పే మనిషి ఎక్కడ దొరుకుతాడు? నేను మాత్రం ఆ డిసెంబరులో చెప్పానా? నాకు పోయే కూలి కూడా లేదు, రైతు ఏమనుకుంటాడోనన్న మొహమాటం తప్ప. అందుకే ఆ అరవై తల్లిపందుల రైతుతో చాలాసేపు వాదించి ఒప్పించాను: జలుబు, జ్వరం, ఒళ్లు నొప్పులు ఉన్నాయని గేటు దగ్గర చెప్పి వెనక్కి వెళ్లినవాడికి మూడు రోజుల కూలి పూర్తిగా ఇవ్వాలి. "ఊరికే అబద్ధం చెప్పి పోతారండీ" అన్నాడు. పోనీ, ఇరవై కిలోల పిల్లలు ఒక వారం తిండి మానేస్తే ఎంత పోతుందో లెక్కేసుకోమన్నాను. కాగితం మీద లెక్కేశాడు, కాసేపు చూశాడు, సరే అన్నాడు.

గేటు పక్కన మేకుకి ఒక రూళ్ల పుస్తకం, దారం కట్టిన పెన్నూ వేలాడుతున్నాయి. తేదీ, పేరు, ఏం బాగాలేదు, ఎవరు వెనక్కి పంపారు. రెండు చలికాలాల్లో పదకొండు పేర్లు పడ్డాయి. అందులో రెండుసార్లు నాది.